దొంగతనం మోపితే లాయరు ఉంటాడు, తప్పిపోతే ఉండడు: పిల్లల చట్టంలో ఒక ఖాళీ కుర్చీ

సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్‌: ఖరగ్‌పూర్‌ జంక్షన్‌లో ఒకే రాత్రి పన్నెండేళ్ల పిల్లలు ఇద్దరు రైల్వే పోలీసులకు దొరికారనుకుందాం. ఒకడు ప్రయాణికుడి సెల్‌ఫోన్ కొట్టేశాడని ఆరోపణ. రెండోవాడు ఏ తప్పూ చేయలేదు. ఇంట్లో గొడవపడి శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కాడు, ఇక్కడ దిగిపోయాడు. ఇద్దరినీ 24 గంటల్లోగా హాజరుపరచాలి. ఇద్దరికీ వర్తించేది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టమే. కానీ ఇద్దరూ వెళ్లే గదులు వేరు.

మొదటివాడు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తాడు. అక్కడ ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. పిల్లాడికి ఉచిత న్యాయ సహాయం అందేలా చూడటం బోర్డు బాధ్యత అని చట్టంలోనే రాసి ఉంది.

రెండోవాడు బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్తాడు. అందులో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. వారిలో కనీసం ఒక మహిళ, పిల్లల విషయాల్లో నిపుణులు ఒకరు ఉండాలి. న్యాయమూర్తి ఉండాలన్న నిబంధన లేదు. లాయరు తప్పనిసరిగా ఉండాలన్న నిబంధన కూడా లేదు. అయినా ఆ కమిటీకి ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలున్నాయి. పిల్లాణ్ని తల్లిదండ్రులకు అప్పగించవచ్చు, హోంకు పంపవచ్చు, వేరే కుటుంబం సంరక్షణలో పెట్టవచ్చు. ఎవరూ లేరని తేలితే దత్తతకు చట్టపరంగా అర్హుడని ప్రకటించవచ్చు.

ఒక బాల్యం ఏ ఇంట్లో, ఏ భాషలో, ఎవరి దగ్గర గడవాలో తేల్చే గది అది. అక్కడ చట్టం తెలిసిన మనిషి కూర్చోవాల్సిన కుర్చీ చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. సభ్యుల్లో ఎవరైనా న్యాయవాది ఉంటే అది అదృష్టమే తప్ప ఏర్పాటు కాదు.

ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్న ఎందుకు?

ఖరగ్‌పూర్‌ తెలుగువాళ్లకు కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. మూడు నాలుగు తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగు, బజార్లో బెంగాలీ, రైల్వే ఆఫీసులో హిందీ వినపడే పేటలు ఇవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి కారణం కూడా ఈ పట్టణంలోని తెలుగు జనాభాయే.

హౌరా వైపు నుంచి చెన్నై, హైదరాబాద్, సికింద్రాబాద్ వెళ్లే పెద్ద రైళ్లు ఈ జంక్షన్ మీదుగానే నడుస్తాయి. ఉత్తరాంధ్రలో సాయంత్రం రైలెక్కిన పిల్లాడు తెల్లారేసరికి ఇక్కడ ఉండగలడు. దేశమంతటా చూస్తే, 2018 నుంచి 2024 మే వరకు రైల్వే రక్షక దళం స్టేషన్లలో, రైళ్లలో 84,119 మంది పిల్లలను కాపాడిందని రైల్వే శాఖ ప్రకటించింది. ఇంటినుంచి పారిపోయినవాళ్లు, తప్పిపోయినవాళ్లు, పనికోసం ఎవరో తీసుకెళ్తున్నవాళ్లు అందరూ ఈ లెక్కలో ఉన్నారు.

పిల్లాణ్ని కాపాడామన్న వార్త, పోలీసులతో ఫొటో మరుసటి రోజు పత్రికలో వస్తాయి. అసలు కథ ఆ ఫొటో తర్వాతే మొదలవుతుంది. ఇక్కడ దొరికిన పిల్లాడు పశ్చిమ మేదినీపూర్ జిల్లా కమిటీ ముందుకు వెళ్లాలి. కమిటీ విచారణ జరిపించాలి. సామాజిక దర్యాప్తు నివేదిక 15 రోజుల్లో రావాలి. మొదటిసారి హాజరుపరచిన నాటి నుంచి నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు రావాలి.

పిల్లాడిది శ్రీకాకుళం జిల్లా అని తేలితే చట్టంలోని 95వ సెక్షన్ వర్తిస్తుంది. అతని సొంత జిల్లా కమిటీతో సంప్రదించి, అది అతని మేలుకే అని నిర్ధారించుకున్నాక అక్కడికి బదిలీ చేయాలి. వేరే రాష్ట్రమైతే సొంత జిల్లా కమిటీకి గానీ, ఆ రాష్ట్ర రాజధానిలోని కమిటీకి గానీ అప్పగించవచ్చు. వెంట మనిషిని పంపాలి. ఆడపిల్ల అయితే మహిళా పోలీసు ఉండాలి.

కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. ఇప్పుడు ఆ పిల్లాడి వైపు నుంచి చూద్దాం. అతనికి వచ్చింది సిక్కోలు యాస తెలుగు ఒక్కటే. ఊరి పేరు చెప్తాడు, మండలం పేరు తెలియదు. 'ఇంటికెళ్లను, నాన్న కొడతాడు' అంటాడు. ఆ ఒక్క మాటతో కేసు రెండు దారులు పడుతుంది. అది కోపంలో అన్న మాటైతే పిల్లాణ్ని త్వరగా ఇంటికి చేర్చాలి. నిజంగా హింస ఉంటే ఇంటికి పంపడమే ప్రమాదం. ఆ మాటను సరిగ్గా అనువదించేది ఎవరు? నమోదు చేసేది ఎవరు? అమ్మమ్మ ఊరు ఎక్కడో కనుక్కుని, అక్కడికి పంపే దారి చట్టంలో ఉందని కమిటీకి గుర్తుచేసేది ఎవరు? అనువాదకుల జాబితా ఉంచుకోవాలని నిబంధనలు జిల్లా యంత్రాంగానికి చెప్తున్నాయి. సుభాష్‌పల్లి లాంటి పేటలో తెలుగు, బెంగాలీ రెండూ ధారాళంగా మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. కానీ వాళ్లను పిలిపించమని అడగడం ఎవరో ఒకరి ఉద్యోగం అయి ఉండాలి.

ఆ ఉద్యోగం పేరు, జీతం

నిజానికి అలాంటి ఉద్యోగం ఉంది. ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం ఉండాలి. తెలుగు జిల్లాల్లో దీన్ని డీసీపీయూ అనే అంటారు. అందులో ఒక పోస్టు పేరు లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్. జిల్లాలో పిల్లల సంక్షేమం చూసే యంత్రాంగానికి ఉన్న సొంత న్యాయ నిపుణులు వీరే.

మిషన్ వాత్సల్య పథకం నిబంధనల ప్రకారం ఈ పోస్టుకు నెలకు 27,804 రూపాయలు. కాంట్రాక్టు పద్ధతి. ఖర్చులో మామూలు రాష్ట్రాల్లో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరిస్తాయి.

పోస్టు పేరులో ఉన్న 'కమ్' అనే చిన్న మాటను గమనించండి. ఈ అధికారి న్యాయ సలహాదారు మాత్రమే కాదు, ప్రొబేషన్ అధికారి కూడా. అంటే నేరారోపణ ఉన్న పిల్లల కుటుంబ నేపథ్యం మీద నివేదికలు తయారుచేయడం, వాళ్లను ఆ తర్వాత గమనిస్తూ ఉండటం కూడా ఇదే మనిషి పని. పోక్సో కేసుల్లో సాయం, బాల్యవివాహాలు ఆపడం, దత్తత కాగితాలు చూడటం కూడా వీటితో పాటే వచ్చిపడతాయి. జిల్లా అంతటికీ ఇలాంటి అధికారి ఒక్కరే.

ఇంకో చిక్కు ఉంది. ఈ అధికారి ఎవరి తరఫు? విభాగం తరఫా, కమిటీ తరఫా, పిల్లాడి తరఫా? సామాజిక దర్యాప్తు చేసేదీ, హోంలను పర్యవేక్షించేదీ, కమిటీకి సిబ్బంది సాయం ఇచ్చేదీ ఆ విభాగమే. తన విభాగం రాసిన నివేదిక బలహీనంగా ఉందని, దాని ఆధారంగా పిల్లాణ్ని తల్లి నుంచి వేరు చేయకూడదని చెప్పాల్సి వస్తే, కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో అని చూసుకునే ఉద్యోగి ఆ మాట అనగలరా?

ఇది ఆ ఉద్యోగుల చిత్తశుద్ధి మీద అనుమానం కాదు. ఆ కుర్చీని మనం ఎంత బలహీనంగా తయారుచేశామన్నదే ప్రశ్న.

వేరే దేశాల్లో ఈ లాయరు ఏం చేస్తాడు?

ఇంగ్లండ్‌లో పిల్లల సంరక్షణ బాధ్యత స్థానిక సంస్థలది. అంటే మన మున్సిపాలిటీ, జిల్లా పరిషత్తు లాంటివాటిది. వాటికి ఈ ఒక్క రంగంలోనే పనిచేసే సీనియర్ లాయర్లు ఉంటారు. 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్ ప్రకారం పిల్లాణ్ని సంరక్షణలోకి తీసుకోవాలంటే తీవ్రమైన హాని జరుగుతోందని, లేదా జరిగే అవకాశం ఉందని కోర్టులో రుజువు చేయాలి. 2014లో వచ్చిన చట్టం ఇలాంటి కేసులు 26 వారాల్లో ముగియాలని గడువు పెట్టింది. పిల్లాడికి వేరే లాయరు, కోర్టు నియమించిన స్వతంత్ర సంరక్షకుడు ఉంటారు. తల్లిదండ్రులకూ ప్రభుత్వ ఖర్చుతో లాయరు దొరుకుతాడు.

అమెరికాలో ఈ పని చాలాచోట్ల కౌంటీ అటార్నీ కార్యాలయాలది. తల్లిదండ్రుల హక్కులను శాశ్వతంగా రద్దు చేయాలంటే మామూలు సివిల్ కేసులో చాలే రుజువు చాలదని, అంతకంటే స్పష్టమైన సాక్ష్యం కావాలని ఆ దేశపు సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది.

ఈ లాయర్ల అసలు విలువ కేసు గెలవడంలో ఉందనుకుంటాం. కానీ వాళ్ల పనిలో ముఖ్యమైన భాగం కోర్టు గుమ్మం ఎక్కకముందే జరుగుతుంది. సోషల్ వర్కర్ ఫైలు తెచ్చి బల్ల మీద పెడతారు. లాయరు చదివి, ఈ సాక్ష్యం చాలదు, ముందు ఆ తల్లికి సాయం చేసి చూశారా అని అడుగుతాడు. లేదంటే, ఇప్పటికే ఆలస్యమైంది, ఈ రోజే దాఖలు చేద్దాం అంటాడు. ఆగమని చెప్పగలగడం, కదలమని చెప్పగలగడం ఈ పనికి రెండు కళ్లు. ఆ రెండు మాటలూ అనాలంటే అనుభవం కావాలి, అన్నాక కూడా ఉద్యోగం నిలవాలి.

లాయరు ఉన్నంత మాత్రాన న్యాయం జరుగుతుందా?

జరగదు. అందుకు నార్వేయే సాక్ష్యం. 2011లో స్టావంగర్ నగరంలో ఉంటున్న ఒక బెంగాలీ దంపతుల ఇద్దరు పిల్లలను అక్కడి శిశు సంక్షేమ విభాగం తీసుకెళ్లింది. నార్వేలో ఆ విభాగం మున్సిపాలిటీది, దాని తరఫున వాదించడానికి లాయర్లున్నారు. అయినా పాలు పట్టే పద్ధతి నుంచి పిల్లల్ని పక్కలో పడుకోబెట్టుకోవడం దాకా, మన ఇళ్లలో మామూలైన సంగతులు అక్కడ అనుమానాలుగా మారాయన్న విమర్శ వచ్చింది. భారత ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక 2012 ఏప్రిల్‌లో పిల్లలు ఇండియా వచ్చారు. అప్పగించింది మాత్రం తల్లికి కాదు, బాబాయికి.

తర్వాత ఏం జరిగిందో చాలామందికి గుర్తులేదు. తల్లి బెంగాల్‌లోని బర్ధమాన్ జిల్లా బాలల సంక్షేమ కమిటీని ఆశ్రయించారు. కమిటీ ఆమెకు అనుకూలంగా చెప్పింది. అయినా పిల్లలు ఆమె చేతికి రాలేదు. చివరికి 2013 జనవరిలో కలకత్తా హైకోర్టు తీర్పుతోనే వాళ్లు తల్లి దగ్గరకు చేరారు. మేజిస్ట్రేటు అధికారాలున్న కమిటీ మాట చెల్లాలంటే ఒక తల్లి హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2019 సెప్టెంబరులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా మరో కేసులో నార్వే కుటుంబ జీవన హక్కును ఉల్లంఘించిందని తీర్పు ఇచ్చింది.

కాబట్టి ప్రభుత్వానికి మాత్రమే లాయరుంటే తూకం ఇంకా చెడిపోవచ్చు. మూడు వైపులా న్యాయ సహాయం ఉండాలి. మన దగ్గర ఇప్పుడు ఏ వైపూ లేదు.

మన దగ్గర జరిగిన నష్టం

హైదరాబాద్ శివారు మేడిపల్లి కేసు చూద్దాం. 2024 మేలో రాచకొండ పోలీసులు పసికందులను అమ్ముతున్న అంతర్రాష్ట్ర ముఠాను పట్టుకున్నారు. పదిమందికి పైగా పిల్లలను కొనుక్కున్న దంపతుల దగ్గర్నుంచి తీసుకుని శిశు సంక్షేమ అధికారులకు అప్పగించారు. చట్టం ప్రకారం అది సరైన పనే. పిల్లల్ని కొనడం నేరం. కానీ వాళ్లలో కొందరు పిల్లలు అప్పటికే ఆ ఇళ్లలో పెరుగుతున్నారు. ఆ దంపతులనే అమ్మా నాన్నా అనుకుంటున్నారు.

దంపతుల్లో కొందరు హైకోర్టుకు వెళ్లారు. సింగిల్ జడ్జి వారికి అనుకూలంగా చెప్పారు. ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసింది. చివరకు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద తనకున్న ప్రత్యేక అధికారాన్ని వాడి, ఆ పిల్లలను తిరిగి అప్పగించమంది. ఏడాదికి పైగా గడిచింది. పసిపిల్లల జీవితంలో ఏడాది అంటే మాటలు నేర్చే కాలం.

కోర్టుల్లో వాదన చట్టబద్ధమైన దత్తతా కాదా అన్న దాని చుట్టూ తిరిగింది. మొదటి వారంలోనే అడగాల్సిన ప్రశ్న వేరు. కేసు నడుస్తుండగా ఈ బిడ్డ ఎక్కడ ఉండటం మంచిది? నేర విచారణ ఒక దారిన, బిడ్డ సంరక్షణ ఇంకో దారిన నడిపే మార్గం ఏమైనా ఉందా? ఆ ప్రశ్న కమిటీ ముందు అడిగేందుకు పిల్లల తరఫున లాయరు ఉండటాన్ని చట్టం తప్పనిసరి చేయలేదు.

బెంగాల్‌లోనూ ఇలాంటి మచ్చ ఉంది. 2017లో జల్పాయ్‌గుడిలో దత్తత పేరుతో పిల్లలను అమ్మారన్న కేసులో జిల్లా స్థాయి బాలల పరిరక్షణ అధికారులను కూడా సీఐడీ అరెస్టు చేసింది. ఆ కేసు విచారణ విషయంలో జాతీయ, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్లు ఒకదానితో ఒకటి తగువుపడి సుప్రీంకోర్టుకెక్కాయి. పిల్లల కోసం పెట్టిన రెండు సంస్థలు అధికార పరిధి కోసం కొట్టుకోవడాన్ని 2020 జనవరి తీర్పులో కోర్టు తప్పుపట్టింది. దత్తత ఫైళ్లను నిజంగా చదివి, సంతకానికి ముందు ఆపగల అధికారి జిల్లాలోనే ఉంటే ఇలాంటివి అంతదాకా రాకముందే బయటపడే అవకాశం ఎక్కువ.

కలెక్టరు బల్ల మీదకు చేరిన ఫైలు

ఈ అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. 2021లో చేసిన సవరణ 2022 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు దత్తత ఉత్తర్వులు కోర్టులు ఇచ్చేవి. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు ఇస్తారు. జాప్యం తగ్గించడానికే ఈ మార్పు అని కేంద్రం చెప్పింది. ఆ వాదనలో పస లేకపోలేదు. కోర్టుల్లో ఎంతోమంది పిల్లల ఫైళ్లు నెలల తరబడి ఆగిపోయిన మాట నిజం.

కానీ ఒక జడ్జి చేసే పని కలెక్టరుకు వచ్చినప్పుడు, ఆ జడ్జి చదువు, అనుభవం కూడా ఎక్కడినుంచో రావాలి. భూముల ఫైళ్లు, ఎన్నికలు, తుపాన్ల మధ్య దత్తత ఫైలు వచ్చి పడుతుంది. దానికి ముందు కమిటీ ఇచ్చిన ప్రకటన సరైనదేనా? దిక్కులేకుండా దొరికిన రెండేళ్ల లోపు పిల్లల విషయంలో రెండు నెలలు, ఆ పై వయసు పిల్లల విషయంలో నాలుగు నెలలు తల్లిదండ్రుల కోసం నిజంగా వెతికారా? బెంగాల్ పత్రికలో ఇచ్చిన ప్రకటన టెక్కలిలో ఉన్న తల్లి కంటపడుతుందా? ఈ ప్రశ్నలు కలెక్టరు చెవిన వేయాల్సింది మళ్లీ ఆ 27,804 రూపాయల కాంట్రాక్టు ఉద్యోగే.

ఏం చేయవచ్చు?

కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్నదాంట్లోనే చాలా దారులున్నాయి.

మొదటిది, లీగల్, ప్రొబేషన్ పనులను విడదీయాలి. న్యాయ అధికారి పోస్టును శాశ్వతం చేసి, పదేళ్లయినా ప్రాక్టీసు ఉన్నవాళ్లు వచ్చేంత జీతం, హోదా ఇవ్వాలి. క్రిమినల్ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు ఉన్న గౌరవం ఈ కుర్చీకి ఎందుకు ఉండకూడదు?

రెండోది, పిల్లాడి తరఫున వేరే లాయరు ఉండాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జువెనైల్ జస్టిస్ బోర్డులో కూర్చునే ప్యానెల్ లాయరును బాలల సంక్షేమ కమిటీ కూర్చునే రోజుల్లోనూ పంపడానికి జిల్లా న్యాయ సేవల సంస్థకు చట్టపరమైన అడ్డంకి ఏదీ లేదు.

మూడోది, కమిటీ ఉత్తర్వు మీద 30 రోజుల్లో చిల్డ్రన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చన్న విషయం తల్లిదండ్రులకు వాళ్ల భాషలో, రాతపూర్వకంగా చెప్పాలి. సహజ న్యాయ సూత్రాలు పాటించాలని చట్టంలోని మూడో సెక్షన్ చెప్తోంది. అర్థంకాని భాషలో ఉన్న ఉత్తర్వు మీద సంతకం పెట్టించుకోవడం సహజ న్యాయం అనిపించుకోదు. బెంగాల్‌లో తెలుగుకు ఇచ్చిన హోదాకు ఖరగ్‌పూర్‌లో ఏదైనా అర్థం ఉండాలంటే, సైన్‌బోర్డుల కంటే ముందు ఇలాంటి కాగితాల మీద కనపడాలి.

నాలుగోది, ఉత్తరాంధ్ర జిల్లాల విభాగాలకు, పశ్చిమ మేదినీపూర్ విభాగానికి మధ్య నేరుగా మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి. రైలు మార్గం ఒకటే, తరచూ తప్పిపోయే దారీ అదే. ఒక ఫోన్ నంబరు, రెండు వైపులా పేరున్న ఒక అధికారి ఉంటే, 95వ సెక్షన్ కింద బదిలీకి నెలలు పట్టనక్కర్లేదు.

వీటిలో దేనికీ పెద్ద బడ్జెట్ అవసరం లేదు. అయినా ఇంతకాలం జరగకపోవడానికి కారణం వెతకడం కష్టం కాదు. ఈ గదిలోకి వచ్చే పిల్లలకు ఓటు లేదు. వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామందికి పలుకుబడి లేదు. కమిటీ విచారణలు గోప్యంగా జరుగుతాయి, జరగాలి కూడా. పిల్లల పేర్లు బయటికి రాకూడదు. కానీ ఆ గోప్యత వల్ల ఖాళీ కుర్చీ కూడా బయటివాళ్లకు కనపడకుండా పోయింది.

దొంగతనం ఆరోపణ ఉన్న పిల్లాడికి మేజిస్ట్రేటును, లాయరును ఇచ్చిన చట్టం మంచి చట్టమే. దాన్ని తగ్గించమని ఎవరూ అడగరు. ఏ తప్పూ చేయకుండా ఖరగ్‌పూర్‌లో దిగిపోయిన పిల్లాడికి కూడా అంతే ఇవ్వమని మాత్రం గట్టిగా అడగాలి. ఆ అడగడం బెంగాల్ ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే కాదు, ఆ పిల్లాడు రైలెక్కిన మన జిల్లాల యంత్రాంగాన్ని కూడా.